35 ఏళ్లకి సోలో, 39కి ఉద్యోగం: పైలట్ కావడానికి నాకు పట్టిన ఆరేళ్లు

2017 జూన్‌లో నా టేబుల్ మీదకి ఒక ఎడ్యుకేషన్ లోన్ ఫైలు వచ్చింది. అప్పుడు నేను విజయవాడలో ఒక ప్రైవేటు బ్యాంకులో లోన్లు చూసేవాణ్ణి. నాకు 33 ఏళ్లు, బాబుకి మూడేళ్లు, మా ఆవిడ తెనాలి దగ్గర గవర్నమెంటు స్కూల్లో టీచరు. ఆ ఫైలు 19 ఏళ్ల కుర్రాడిది, పైలట్ కోర్సుకి 35 లక్షలు అడిగాడు. మామూలుగా అయితే తల్లిదండ్రుల ఆదాయం, తాకట్టు పెట్టే ఆస్తి చూసి పక్కన పెట్టేసేవాణ్ణి. ఆ రోజు ఎందుకో కోర్సు కాగితాలు మొత్తం చదివాను. డీజీసీఏ, అంటే పైలట్ లైసెన్సులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ, కమర్షియల్ పైలట్ లైసెన్సుకి పెట్టిన అర్హతలు అని ఒక పేజీ ఉంది. కనీస వయసు 18 అని రాశారు, గరిష్ఠ వయసు ఊసే లేదు. ఏదో పేజీ పోయిందేమో అనుకుని డీజీసీఏ నిబంధనలు తెరిచి చూశాను. నిజంగానే లేదు. ఎయిర్‌లైన్లో 65 ఏళ్లు వచ్చేదాకా నడపొచ్చని కూడా అప్పుడే తెలిసింది. 65లోంచి 33 తీసేస్తే 32. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు నాకు 41. ఒక ఎయిర్‌లైన్లో ఏటీఆర్ అనే ప్రొపెల్లర్ విమానం మీద ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా చేస్తున్నాను. నెలకి నలుగురైదుగురు ఫోన్ చేసి "అన్నా, నాకు 34 దాటాయి, కుదురుతుందా" అని అడుగుతారు. అందరూ వయసు గురించే అడుగుతారు, ఎన్ని నెలలు జీతం లేకుండా ఇల్లు నడుస్తుందో లెక్క చూసుకున్నవాళ్లు మాత్రం చాలా తక్కువ. నా వరకు వయసు వల్ల కాక్‌పిట్‌లో పడ్డ కష్టం కొద్దిగానే, బయట ఎదురుచూడటంలో పడ్డ కష్టం చాలా ఎక్కువ. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

మొదటి అడ్డంకి చదువు దగ్గరే వచ్చింది. నాది ఇంటర్‌లో సీఈసీ, తర్వాత బీకాం. నేను మొదలుపెట్టిన నాటికి ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ తప్పనిసరి. లేనివాళ్లు ఎన్‌ఐఓఎస్, అంటే ఓపెన్ స్కూల్ నుంచి ఆ రెండు సబ్జెక్టులూ విడిగా రాసుకోవచ్చు. ఇంట్లో చెప్పినప్పుడు మా ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. రెండు రోజులు ఆలోచించి, "చదవడానికి పెద్ద డబ్బేం కాదుగా, ముందు ఆ రెండు పరీక్షలూ రాయండి. పాసైతే అప్పుడు మాట్లాడుకుందాం" అంది. అది నాకు ఎంత మంచి సలహానో తర్వాత తెలిసింది, ఎందుకంటే ఉద్యోగం వదలకుండా చేయగలిగినవన్నీ ముందు చేసేయాలన్న పద్ధతి అక్కడే మొదలైంది.

2018 ఏప్రిల్‌లో పరీక్షలు. పొద్దున్న నాలుగున్నరకి లేచి త్రికోణమితి, కలనం చదివేవాణ్ణి. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా నేర్చుకున్న లెక్కలు ఎక్కడో లోపల ఉన్నాయి, కదిపితే వచ్చాయి. ఫిజిక్స్ ప్రాక్టికల్స్ రోజు మాత్రం మర్చిపోలేను. ల్యాబ్‌లో నా చుట్టూ అందరూ 17, 18 ఏళ్ల పిల్లలు. ఎగ్జామినర్ గారు నన్ను చూసి "పేరెంట్స్ బయట కూర్చోవాలండీ" అన్నారు. హాల్ టికెట్ చూపించాను. ఆయన ఒక్క క్షణం దాన్నీ నన్నూ చూసి, ఇంకేం అడక్కుండా వెర్నియర్ కాలిపర్స్ చేతికిచ్చారు. స్థూపం వ్యాసం కొలవాలి. మూడు సార్లు కొలిస్తే మూడు రకాలుగా వస్తోంది. పక్క టేబుల్ దగ్గర అమ్మాయి తల తిప్పకుండానే "అంకుల్, జీరో ఎర్రర్ తీసేయాలి" అని మెల్లగా చెప్పింది. దవడలు రెండూ దగ్గరికి మూసి చూస్తే గీతలు కలవలేదు, కొద్దిగా పక్కకున్నాయి. ఆ తేడా తీసేస్తే లెక్క సరిపోయింది. ఫిజిక్స్‌లో 71, మ్యాథ్స్‌లో 68 వచ్చాయి. ఆ మార్కుల మెమోని బోర్డు వెరిఫై చేసి పంపితే గానీ డీజీసీఏలో కంప్యూటర్ నంబర్, అంటే అభ్యర్థి గుర్తింపు నంబర్, రాదు, అది లేకపోతే పరీక్షలకి కూర్చోలేం. ఆ వెరిఫికేషన్‌కి మూడు నెలలు పట్టింది. ఎదురుచూడటం అలవాటు చేసుకోవాలని నాకు తెలిసిన మొదటి సందర్భం అదే.

ఆ మూడు నెలల్లో మెడికల్ చేయించుకున్నాను. ఎవరైనా నన్ను అడిగితే ముందు చెప్పేది ఇదే: రాజీనామా కంటే ముందు, ఫీజు కంటే ముందు, మెడికల్. మొదట క్లాస్ 2, అది డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర అయిపోతుంది. తర్వాత క్లాస్ 1, అది అసలు గండం. నేను బెంగళూరులో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌కి వెళ్లాను. రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే, కడుపు స్కానింగ్, ఈసీజీ, నాకు ట్రెడ్‌మిల్ కూడా. చుక్కల మధ్యలో అంకెలు కనిపెట్టే రంగుల పరీక్ష. శబ్దం రాని చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టి, సన్నగా కూత వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. అక్కడ నా గుండె చప్పుడే పెద్దగా వినపడింది. కళ్లజోడు ఉందని భయపడ్డాను, అద్దాలతో చూపు సరిగ్గా ఉంటే చాలన్నారు. ఆపింది బరువు, ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో కొవ్వు. నా ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. తాత్కాలికంగా అన్‌ఫిట్ అని రాశారు, మూడు నెలల తర్వాత రమ్మన్నారు.

19 ఏళ్ల పిల్లలకి ఈ మాట రాదు. 34 ఏళ్లకి, పన్నెండేళ్లు కుర్చీలో కూర్చుని, రోజూ రెండు పూటలా కడుపు నిండా అన్నం తిన్నవాడికి వస్తుంది. పొద్దున బందరు కాలవ గట్టు మీద గంటన్నర నడక, రాత్రికి జొన్నరొట్టె, పెళ్లిళ్లకి వెళ్లినా స్వీటు ముట్టకపోవడం. మూడు నెలల్లో 75కి వచ్చాను. ఫిట్ అని ఆ కాగితం చేతికొచ్చాకే మా నాన్నకి విషయం చెప్పాను.

ఆయన తెనాలిలో బియ్యం కొట్టు నడిపి రిటైరైన మనిషి. పూర్తిగా విన్నారు. "ఇప్పుడున్న ఉద్యోగానికి ఏమొచ్చిందిరా?" అన్నారు. ఏమీ రాలేదు నాన్నా, నాకు ఇది కావాలి అన్నాను. అంతకంటే మంచి సమాధానం నా దగ్గర ఇవాళ్టికీ లేదు.

డీజీసీఏ పరీక్షల కోసం శుక్రవారం రాత్రి రైలెక్కి హైదరాబాద్ వెళ్లి, శని, ఆదివారాలు క్లాసులు విని, సోమవారం పొద్దున దిగి నేరుగా బ్యాంకుకి వెళ్లేవాణ్ణి. ఎయిర్ రెగ్యులేషన్స్, నావిగేషన్, మెటియరాలజీ, టెక్నికల్ జనరల్, విమానాన్ని బట్టి టెక్నికల్ స్పెసిఫిక్. ఒక్కోదాంట్లో 70 శాతం రావాలి. మెటియరాలజీ నాకు చాలా ఇష్టమైంది. 1990 మే తుఫానుకి మా ఇంటి రేకులు ఎగిరిపోయాయి, నాకప్పుడు ఆరేళ్లు. అమ్మ నన్నూ చెల్లినీ మంచం కిందకి తోసిన సంగతి గుర్తుంది. తుఫాను కన్ను దాటాక గాలి ఎందుకు ఎదురు దిక్కు నుంచి కొడుతుందో పుస్తకంలో చదువుతుంటే ఆ రాత్రి మధ్యలో కాసేపు గాలి ఆగిపోవడం, నాన్న "ఎవరూ బయటికి రావద్దు" అని అరవడం అన్నీ గుర్తొచ్చాయి. ఆ పేపర్‌లో 82 వచ్చాయి.

నావిగేషన్ మొదటిసారి పోయింది, 64. లెక్కలు వచ్చు, వేగం రాదు. 60 నాటికల్ మైళ్లు వెళ్లేసరికి ఒక మైలు పక్కకి జరిగితే ఒక డిగ్రీ దారి తప్పినట్టు, అదొక ఉజ్జాయింపు సూత్రం. పిల్లలు దాన్ని నోటితో చేసేస్తారు. నేను ప్రతిదీ కాగితం మీద రెండుసార్లు సరిచూసే బ్యాంకు అలవాటుతో టైమంతా పోగొట్టుకున్నాను. రెండోసారి 76. రేడియోకి సంబంధించిన ఆర్‌టీఆర్ పరీక్ష అప్పట్లో టెలికాం శాఖ వాళ్లు పెట్టేవాళ్లు, అందులో రెండో భాగం ఎగ్జామినర్ ఎదురుగా కూర్చుని విమానం నడుపుతున్నట్టు మాట్లాడాలి. అదీ ఒకసారి తప్పాను. కంట్రోలర్ ఇచ్చిన క్యూఎన్‌హెచ్, అంటే ఆల్టీమీటర్‌లో పెట్టుకోవాల్సిన పీడనం, నేను తిరిగి చదివి చెప్పలేదు. అది తిరిగి చెప్పకపోతే తప్పే, ఎందుకంటే ఆ అంకె తప్పు వింటే మనం ఎంత ఎత్తులో ఉన్నామో మనకే తెలియదు. ఇంట్లో నెల రోజులు అద్దం ముందు నిలబడి "ట్రీ, ఫైఫ్, నైనర్" అని ప్రాక్టీసు చేశాను. త్రీ, ఫైవ్, నైన్ అంటే రేడియోలో సరిగ్గా వినపడకపోవచ్చని అలా పలకాలి.

ఈ మధ్యలోనే 2019 మార్చిలో 737 మ్యాక్స్ విమానాలన్నిటినీ ఆపేశారు, ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. నాన్న పేపరు పట్టుకొచ్చి నా ముందు పెట్టారు. "పాతికేళ్లు నడిపినవాళ్లకే జీతాల్లేవు, నీకెవరిస్తార్రా?" ఆయన మాటలో తప్పు లేదు. నేను కోర్సు పూర్తి చేసేసరికి పరిస్థితి మారుతుందని ఒక లెక్క, మారకపోతే మళ్లీ బ్యాంకింగ్‌లో ఏదో ఒక ఉద్యోగం దొరుకుతుందని ఇంకో లెక్క. ఆ రెండో లెక్క ఉండబట్టే 2019 ఆగస్టులో రాజీనామా ఇవ్వగలిగాను. ఇరవై ఏళ్లవాడికి లేనిది, మనకి ఉన్నది ఆ పాత వృత్తి. దాన్ని చిన్నచూపు చూడొద్దు.

ఫ్లయింగ్ స్కూల్ మహారాష్ట్రలో ఒక చిన్న ఊరి ఎయిర్‌స్ట్రిప్ దగ్గర. పేరు రాయను. హాస్టల్‌లో నా రూమ్మేట్‌కి 18. అందరూ మొదట్లో సార్ అనేవాళ్లు, వారం తర్వాత అన్నా అయింది, దానికి నాకు చాలా సంతోషమేసింది. మా ఇన్‌స్ట్రక్టర్‌కి 25 ఏళ్లు, ఆయన్ని నేను సర్ అనే పిలిచేవాణ్ణి, ఇప్పటికీ అంతే.

మొదటి వారం నేర్పింది విమానం చుట్టూ నడవడం. సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానం రెక్క కింద వంగి, చిన్న ప్లాస్టిక్ గొట్టంలాంటి కప్పుని డ్రెయిన్‌కి ఆనించి పైకి నొక్కితే కొద్దిగా పెట్రోలు దాంట్లోకి కారుతుంది. దాన్ని ఆకాశం వైపు పెట్టి చూడాలి. ఏవ్‌గ్యాస్ అనే ఆ విమాన పెట్రోలు లేత నీలం రంగులో ఉంటుంది. వర్షం పడిన ఒక పొద్దున ఆ నీలం కింద, కప్పు అడుగున, శనగగింజంత రంగు లేని బొట్టు కనిపించింది. కప్పు ఊపితే అది ముక్కలై మళ్లీ అడుగునే చేరి ఒకటైంది. నీళ్లు. రాత్రి వానకి ట్యాంకు మూత దగ్గర నుంచి దిగాయి. సర్ ఆ కప్పుని అలాగే పట్టుకుని "ఇది పైన 300 అడుగుల దగ్గర ఇంజిన్‌లోకి వెళ్తే?" అని మాత్రం అన్నారు. బొట్టు కనపడనంత వరకు పదకొండు సార్లు పట్టి పారబోశాం. ఇవాళ ఏటీఆర్‌లో ఆ పని ఇంజినీర్లు చూస్తారు, అయినా వాన పడిన పొద్దున నాకు ఆ బొట్టే గుర్తొస్తుంది.

ల్యాండింగ్ నాకు రాలేదు. రాలేదంటే రాలేదు. నా తోటి పిల్లలు 16, 18 గంటల ఫ్లయింగ్‌కే సోలో, అంటే ఒంటరిగా విమానం నడపడానికి, వెళ్లారు, నాకు 24 గంటలు దాటాయి. నేల దగ్గరపడుతుంటే నా కళ్లు విమానం ముక్కు ముందున్న తారు మీదకే పోయేవి, దాంతో ఆలస్యంగా, గాభరాగా యోక్, అంటే విమానం స్టీరింగ్, లాగేవాణ్ణి, విమానం పైకి లేచి దబ్బున కూలబడేది. "రన్‌వే అవతలి చివర చూడండి, దగ్గర చూస్తే ఎత్తు తెలియదు" అని సర్ రోజూ చెప్పేవారు. నాకు మాట అర్థమైంది, కంటికి అర్థం కాలేదు. పిల్లలకి ఒంటికి తెలిసిపోతుంది, మనకి ముందు బుర్రకి ఎక్కి అక్కడి నుంచి చేతుల్లోకి దిగాలి, ఆ ప్రయాణానికి టైము పడుతుంది. చివరికి నేను చేసింది ఏంటంటే, ఫ్లయింగ్ లేని సాయంత్రాలు అనుమతి తీసుకుని రన్‌వే పక్కన కూర్చుని మిగతావాళ్ల ల్యాండింగులు చూసేవాణ్ణి. ఏ క్షణంలో ముక్కు లేస్తోందో లెక్కపెట్టుకునేవాణ్ణి. అలా వందకి పైగా చూశాక ఒకరోజు నా చేతులు వాటంతటవే మెల్లగా లాగాయి.

డిసెంబరు 11, పొద్దున 8:40. మూడు సర్క్యూట్లు, అంటే లేచి రన్‌వే చుట్టూ తిరిగి మళ్లీ దిగడాలు, అయ్యాక సర్ డోర్ తీసి దిగారు, ఖాళీ సీటు బెల్టు బిగించి, డోర్ వేసి, బొటనవేలు చూపించి వెనక్కి చూడకుండా నడుచుకుంటూ వెళ్లిపోయారు. టేకాఫ్ తీసుకుంటే విమానం నేను అనుకున్నదానికంటే ముందే గాల్లోకి లేచింది, ఒక మనిషి బరువు తగ్గింది కదా. డౌన్‌విండ్‌లో, అంటే రన్‌వేకి సమాంతరంగా వెనక్కి వెళ్తూ, వెయ్యి అడుగుల మీద కుడిపక్క సీటు చూశాను. బెల్టు కట్టి ఉంది, మనిషి లేడు. గొంతు ఎండిపోయింది. చెక్‌లిస్ట్ పైకే చదువుకున్నాను, ఎవరికో వినిపిస్తున్నట్టు. బేస్ మలుపు, రన్‌వేకి తిన్నగా ఫైనల్, 65 నాట్లు, రన్‌వే చివర. నేల తగిలినట్టు కూడా తెలియలేదని చెప్పను, తగిలింది, కానీ ఒక్కసారే తగిలింది. దిగగానే పిల్లలు బకెట్లతో నీళ్లు పోశారు, చలికాలం పొద్దున. మా ఆవిడకి ఫోన్ చేస్తే స్కూల్లో ప్రేయర్ అవుతోంది, పక్కకొచ్చి ఎత్తింది, ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాం.

ఆ వారంలోనే ఇంకోటి జరిగింది. డబ్బు విషయంలో నా ప్లాన్ ఇది: పీఎఫ్, దాచుకున్నది కలిపి 18 లక్షలు, మిగతాది మంగళగిరి దగ్గర ఉన్న 200 గజాల స్థలం అమ్మి కట్టాలి. డిసెంబరు 17న మూడు రాజధానుల మాట వచ్చింది. అడ్వాన్సు ఇస్తానన్న మనిషి మర్నాడు ఫోన్ ఎత్తలేదు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల స్థలాలు అడిగే నాథుడే లేడు. వాయిదాల్లో ఫీజు కడుతున్నాను, తర్వాతి వాయిదాకి రెండు నెలలుంది. సంక్రాంతికి ఇంటికెళ్తే మా ఆవిడ గాజులు, హారం డబ్బాలో పెట్టి నా ముందుంచింది. నేను వద్దన్నాను. "అమ్మట్లేదుగా, పెడుతున్నాం. లోన్లు ఇచ్చే మనిషి మీరే కదా, తాకట్టు అంటే ఏంటో మీకు తెలీదా" అంది. ఆ రోజే ఒక గీతల నోట్‌బుక్ కొని మొదటి పేజీలో గ్రాములు, రేటు, వడ్డీ రాసింది.

62 గంటలు పూర్తయిన దగ్గర లాక్‌డౌన్. 2020 మార్చి 25న దేశీయ ప్యాసింజర్ విమానాలన్నీ ఆగాయి, మళ్లీ రెండు నెలలకి మే 25న మొదలయ్యాయి గానీ నేను తిరిగి స్కూల్‌కి వెళ్లేసరికి అక్టోబరు. వెళ్లాక కూడా ఉన్న అయిదు విమానాల్లో రెండే ఎగురుతున్నాయి, మిగతావి విడిభాగాల కోసం హ్యాంగర్‌లో. శీతాకాలం పొద్దున మంచు, మధ్యాహ్నం గాలి, ఇన్‌స్ట్రక్టర్లు ఇద్దరే, బోర్డు మీద పేరు లేని రోజులు వరసగా వారం. మేం అడిగినా ఫలానా తేదీకి అని ఎవరూ చెప్పలేదు, ముందు చేరినవాళ్ల కంటే వెనక వచ్చినవాళ్లకి ఎక్కువ సార్టీలు, అంటే ఫ్లయింగ్ వంతులు, పడ్డ వారాలూ ఉన్నాయి. అది నన్ను చాలా బాధపెట్టింది. 2021 ఏప్రిల్‌లో రెండో వేవ్, మళ్లీ ఆపేశారు. నా డైరీలో లెక్క ఉంది: స్కూల్లో మొత్తం 470 రోజులున్నాను, విమానం ఎక్కింది 148 రోజులు. మిగిలిన 322 రోజులకీ హాస్టల్ ఫీజు, మెస్ ఫీజు, ఇంట్లో ఖర్చు, గోల్డ్ లోన్ వడ్డీ అన్నీ నడిచాయి. దీనికి తోడు లైసెన్సు అప్లికేషన్‌కి కొన్ని టెస్టులు, కొన్ని గంటలు చివరి ఆరు నెలల్లోపువి ఉండాలి, కాబట్టి ఆలస్యమైతే కొన్ని మళ్లీ చేయాలి, మళ్లీ కట్టాలి. నా మాట ఒక్కటి గుర్తుపెట్టుకోండి. స్కూలు పది నెలలంటే మీరు ఇరవై నెలలకి డబ్బు సిద్ధం చేసుకుని బయలుదేరండి. చేరేముందు అక్కడ చదువుతున్న కుర్రాళ్లతో మాట్లాడి, నిన్న ఎన్ని విమానాలు ఎగిరాయో అడగండి. ఎన్ని ఉన్నాయో అడిగితే లాభం లేదు.

లైసెన్సుకి మొత్తం 200 గంటల ఫ్లయింగ్ కావాలి, అందులో వంద గంటలు నేనే కమాండ్‌లో. 300 నాటికల్ మైళ్ల క్రాస్ కంట్రీ, అంటే దూర ప్రయాణం, ఒకటి, రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగి పూర్తిగా ఆగాలి. నాకు అందులో ఒకటి ఔరంగాబాద్ పడింది. పెద్ద విమానాలు దిగే రన్‌వే మీద ఒక్కణ్ణే, సెస్నాలో. ట్యాక్సీ చేస్తుంటే పక్కన ఆగి ఉన్న ఎయిర్‌బస్ కాక్‌పిట్‌లోంచి ఎవరో చెయ్యి ఊపారు. రాత్రి ఫ్లయింగ్, ఇన్‌స్ట్రుమెంట్లు, రెండింజన్ల విమానం రేటింగ్, అవన్నీ కాస్త సాఫీగానే అయ్యాయి. 2021 జులైలో గంటలు ముగిశాయి, అక్టోబరులో లైసెన్సు వచ్చింది. నాకు 37.

లైసెన్సు వచ్చిన రోజు నుంచి పది నెలలు ఉద్యోగం లేదు. ఎయిర్‌లైన్లు తామే శిక్షణ ఇప్పించి తీసుకునే కాడెట్ ప్రోగ్రాముల్లో చాలావాటికి వయసు పరిమితి ఉంది, అవి నాకు మూసుకుపోయినట్టే. లైసెన్సు ఉన్నవాళ్లని నేరుగా తీసుకునే ప్రకటనలు రావాలి, ఆ ఏడాది అవి ఒకటో రెండో. ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతుందని ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పిల్లలకి మెటియరాలజీ, నావిగేషన్ చెప్పాను. నెలకి ముప్పై వేలదాకా వచ్చేది, గోల్డ్ లోన్ వడ్డీ పోను చేతిలో కొంచెం మిగిలేది. అంతకంటే ముఖ్యం, చదివింది మర్చిపోలేదు. 2022 ఆగస్టులో సెలెక్షన్‌కి పిలిచినప్పుడు రాతపరీక్షలో అదే నన్ను కాపాడింది. ఇంటర్వ్యూలో కెప్టెన్ గారొకరు సూటిగా అడిగారు: "మీ కంటే పదేళ్లు చిన్న కెప్టెన్ మీ తప్పు ఎత్తి చూపిస్తే ఎలా తీసుకుంటారు?" నాకు ల్యాండింగ్ నేర్పిన సర్‌కి 25 ఏళ్లండీ, ఆయన చెప్పింది చేశాకే నేను దిగగలిగాను అని చెప్పాను.

ఏటీఆర్ టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడపడానికి విడిగా తీసుకునే శిక్షణ, దాని ఖర్చు మళ్లీ మనదే, నాకు 16 లక్షలయింది. ఈసారి బ్యాంకు లోన్ తీసుకున్నాను, ఎందుకంటే చేతిలో ఆఫర్ లెటర్ ఉంది. సిమ్యులేటర్‌కి ముందు కాక్‌పిట్ బొమ్మని నిలువెత్తు పోస్టరుగా ప్రింట్ తీయించి పడకగది గోడకి అంటించాను. ఏ స్విచ్ తర్వాత ఏ స్విచ్, చెయ్యి దానంతటది పోవాలి. ఎనిమిదేళ్ల మా బాబు కుర్చీ వేసుకుని పక్కన కూర్చుని చెక్‌లిస్ట్ చదివేవాడు, నేను గోడ మీద వేలు పెట్టి జవాబు చెప్పేవాణ్ణి. వాడు ఒక్క లైను కూడా వదిలేవాడు కాదు. నేను తడబడితే "నాన్నా, మళ్లీ మొదటి నుంచి" అనేవాడు.

సిమ్యులేటర్‌లో అన్నిటికంటే కష్టం టేకాఫ్‌లో వీ1 అనే వేగం దగ్గర ఇంజిన్ ఆపేయడం. వీ1 దాటాక ఇంక ఆగకూడదు, ఒక్క ఇంజిన్‌తోనే పైకి వెళ్లాలి. ఆగిపోయిన వైపుకి ముక్కు లాక్కుపోతుంది, రెండో వైపు రడ్డర్ తొక్కి పట్టాలి, తిన్నగా, అవసరమైనంతే. మొదటి రోజు నా కాలు పెడల్ మీద గజగజ వణికింది, విమానం పాములా తిరిగింది. నాలుగో సెషన్‌కి వణుకు పోయింది. ఇన్‌స్ట్రక్టర్ పదే పదే చెప్పిన మాట, ఇంజిన్ పోయిందని తెలియగానే ఏదో ఒకటి ముట్టుకోవాలన్న తొందర వద్దు, ముందు తిన్నగా ఎగరనివ్వు. ఇక్కడ నా వయసు నాకు సాయపడిందనే అనుకుంటాను. పన్నెండేళ్లు కౌంటర్ అవతల కోపంగా అరిచే మనుషుల ముందు గొంతు పెంచకుండా పని చేసినవాణ్ణి, ఎర్ర లైట్లు, గంట మోతల మధ్య కూడా చెక్‌లిస్ట్ చదవగలిగాను.

2023 జూన్‌లో లైన్ ట్రైనింగ్, అంటే ప్యాసింజర్లున్న విమానాల్లో శిక్షణ, పూర్తయి మామూలు డ్యూటీకి రిలీజ్ అయ్యాను. అదే ఏడాది ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలు, జూన్‌లో ఇండిగో 500 విమానాలు ఆర్డరు చేశాయి. నాన్న ఈసారి ఆ పేపరు దాచిపెట్టారు, నేను ఇంటికెళ్లినప్పుడు తీసి చూపించారు. ఏమీ అనలేదు. కెప్టెన్ కావాలంటే ఏటీపీఎల్, అంటే ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు, కావాలి, దానికి 1500 గంటలు ఉండాలి. అవి ఈమధ్యే దాటాను, పేపర్లకి చదువుతున్నాను. మళ్లీ నాలుగున్నరకి లేవడం.

గన్నవరం డ్యూటీ పడ్డ రోజుల్లో, పడమర నుంచి రన్‌వే 08కి వస్తే కిటికీలోంచి కృష్ణ, ప్రకాశం బ్యారేజీ కనపడతాయి. వెనక్కి వెళ్లేలోపు నేల మీద ఉండేది అరగంట, బయటికి వెళ్లడం కుదరదు. ఇల్లు యాభై కిలోమీటర్లలోపే. ప్యాసింజర్లు దిగుతుండగా మా ఆవిడకి "దిగాం" అని ఒక మెసేజ్ పెడతాను, ఒక్కోసారి స్కూల్లో ఇంటర్వెల్ టైము కలిసొస్తే వెంటనే జవాబిస్తుంది.

హారం పోయిన ఏడాది విడిపించాం. గాజులు ఇంకా లోపలే ఉన్నాయి. నోట్‌బుక్‌లో టైప్ రేటింగ్ లోన్‌కి విడిగా పేజీ ఉంది, ప్రతి నెలా అయిదో తారీఖున ఒక గీత కొడుతుంది. నిన్న లెక్కపెట్టాం, ఇంకా 29 ఉన్నాయి.